కుందారం ఎర్ర పొరల్లోని వేటజంతువుకు పేరు దొరికేదాకా ఆ నేలను కాపాడండి: ఒక బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ పెద్దలకు, గనులు, భూగర్భం, వారసత్వం, విద్య, పర్యాటకం చూసే శాఖల అధికారులకు, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల పాలనాధికారులకు,

నమస్కారం.

ప్రాణహిత, గోదావరి లోయలోని శిలాజ పొరలకు రక్షణ కల్పించమని ఈ ప్రాంతపు ఉపాధ్యాయులం, రైతులం కొందరం కలిసి ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఇది మా పరిధిలోది కాదు, ఫలానా ఆఫీసుకు వెళ్లండన్నారు. అక్కడికి వెళ్తే శిలాజాల సంగతి కేంద్రం చూసుకుంటుందన్నారు. ఎవరూ కసురుకోలేదు. అందరూ మర్యాదగానే పంపించేశారు. పని మాత్రం జరగలేదు. ఇక నలుగురి ముందూ చెప్పుకోవడమే మిగిలింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేము అడుగుతున్నది ముఖ్యంగా ఒక జంతువు గురించి. దానికి ఇంకా పేరు లేదు.

మంచిర్యాల జిల్లా కుందారం ఊరి పేరు మీద భూగర్భశాస్త్రంలో ఒక పొరల వరుసే ఉంది. కుందారం ఫార్మేషన్ అంటారు. చాలావరకు ఎర్రటి బురదరాయి. పెర్మియన్ యుగం చివరి భాగానిది, అంటే దాదాపు 25, 26 కోట్ల ఏళ్ల నాటిది. ఆసిఫాబాద్ జిల్లా గోలేటి పరిసరాల్లో ఈ పొర నేల పైకి తేలి కనిపిస్తుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఈ లోయలో దశాబ్దాల తరబడి ఎండలో నడిచి వెతికారు. 1972లో టి.ఎస్. కుట్టి ఇక్కడి పెర్మియన్ జంతువుల గురించి నేచర్ పత్రికలో ప్రకటించారు. తర్వాత సంఘమిత్ర రే, శాశ్వతి బందోపాధ్యాయ వంటివారు ఆ ఎముకలను ఒక్కొక్కటిగా పరిశీలించి వివరంగా రాశారు. దొరికినవాటిలో ఎక్కువ ఆకులలములు మేసే జంతువులే. పక్షి ముక్కులాంటి మూతి ఉన్న ఎండోథియోడాన్ వాటిలో పెద్దది. దాని ఒక జాతికి, ఆ సంస్థను స్థాపించిన మహలనోబిస్ గారి పేరు మీద మహలనోబిసి అని పేరు పెట్టారు. నేలలో బొరియలు తవ్వుకునే చిన్న సిస్టెసెఫాలస్ ఉంది. ఇంకా చిన్నది ప్రిస్టెరోడాన్ ఉంది.

ఈ మందల మీద బతికిన వేటజంతువు ఆనవాలు కూడా అక్కడే దొరికింది. అది గోర్గనోప్సియన్ అనే వర్గానిది, మధ్యరకం పరిమాణంలోది. అంతవరకే చెప్పగలిగారు. ఏ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), ఏ జాతి అని తేల్చడానికి దొరికిన ఎముక చాలలేదు. గోర్గనోప్సియన్‌లు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. మూతి, అంగిలి, కంటిగుంట చుట్టూ ఉండే ఎముకలు సరిగా దొరికితే తప్ప వాటిని విడదీయడం నిపుణులకు కూడా కష్టం. అందుకే మా నేల మీద తిరిగిన ఆ మృగం ఈనాటికీ శాస్త్రగ్రంథాల్లో ఇంటిపేరుతోనే మిగిలిపోయింది.

గోర్గనోప్సియన్‌లంటే చాలామంది డైనోసార్లనుకుంటారు. కావు. డైనోసార్లు పుట్టడానికి దాదాపు రెండు కోట్ల ఏళ్లకు ముందే ఇవి వచ్చి, ఏలి, పోయాయి. వీటి వంశం పాముల, బల్లుల వైపుది కాదు, క్షీరదాల వైపుది. మనకు నేరుగా పూర్వీకులూ కావు. మన తాతలకు పెదనాన్నల వరుస అవుతాయి. పొడవాటి కోరలు, ఆ కోరల అంచున రంపంలాంటి గరుకు. కోర ఊడితే దాని స్థానంలో కొత్తది వచ్చేది. భూమి మీద కోరలతో వేటాడటంలో ఆరితేరిన తొలి పెద్ద జంతువుల్లో ఇవి ఉన్నాయి.

ఇందులో అందరికంటే పెద్దవాటిలో ఒకటైన ఇనోస్ట్రాన్సేవియా కథ మీరు కాస్త ఓపికగా వినాలి. మేము ఎందుకింత పట్టుబడుతున్నామో ఆ కథలోనే ఉంది.

రష్యా ఉత్తరాన ద్వినా నది ఒడ్డున 1899లో వ్లదీమిర్ అమలిత్స్కీ అనే ప్రొఫెసర్ తవ్వకం మొదలుపెట్టాడు. భార్య అన్నా పెత్రోవ్నా ఆయనతోపాటు ఆ పనిలో ఉంది. అక్కడ దాదాపు పూర్తి అస్థిపంజరాలు బయటపడ్డాయి. మూడు మీటర్ల జంతువు, అరమీటరు పొడవు పుర్రె, 12 సెంటీమీటర్లు దాటే కోరలు. అలెగ్జాండర్ ఇనోస్త్రాన్త్సేవ్ అనే భూగర్భశాస్త్రవేత్త గౌరవార్థం దానికి ఆ పేరు పెట్టాడు. అమలిత్స్కీ 1917లో చనిపోయాడు. ఆయన రాసిన వర్ణన 1922లో గానీ అచ్చు కాలేదు. ఆ తర్వాత నూరేళ్ల దగ్గర దగ్గర, ఇనోస్ట్రాన్సేవియా అంటే రష్యా జంతువనే అందరూ అనుకున్నారు.

2010, 2011లో దక్షిణాఫ్రికా ఫ్రీ స్టేట్‌లోని బెతూలీ ప్రాంతంలో ఒక పొలంలో జాన్ న్యాఫులి వంటి క్షేత్ర పరిశోధకులు గోర్గనోప్సియన్ ఎముకలు గుర్తించారు. బ్లూమ్‌ఫాంటీన్‌లోని నేషనల్ మ్యూజియం వాళ్లు వాటిని తవ్వి తీశారు. శుభ్రం చేసి, పోల్చి, 2023లో క్రిస్టియన్ కామెరర్, పియా విగ్లియెట్టి, ఎలిజ్ బట్లర్, జెనిఫర్ బోటా ప్రకటించారు: ఇది ఇనోస్ట్రాన్సేవియాయే, కొత్త జాతి, పేరు ఆఫ్రికానా. రష్యా నుంచి దక్షిణాఫ్రికా దాకా, భూఖండాలన్నీ ఒకటిగా ఉన్న ఆ రోజుల్లో, ఈ మృగం వేల కిలోమీటర్ల మేర వ్యాపించిందని తేలిపోయింది. తర్వాత టాంజానియా పొరల నుంచి కూడా దాని ఆనవాలు చెప్పారు.

అప్పుడు మన దేశం ఆఫ్రికా పక్కనే అతుక్కొని ఉండేది. మన కుందారంలో దొరికిన ఎండోథియోడాన్ టాంజానియాలో, జాంబియాలో, మొజాంబిక్‌లో, మలావిలో, దక్షిణాఫ్రికాలో, ఆఖరికి బ్రెజిల్‌లో కూడా దొరికింది. ఒకే రకం మంద ఇన్ని దేశాల నేలల్లో మేసినప్పుడు, ఆ మంద వెంట తిరిగిన వేటజంతువు మన దగ్గర ఏదై ఉంటుంది? ఆఫ్రికావాటికి దాయాదా, లేక ఇక్కడే పుట్టి పెరిగిన కొత్తదా? ఆ జవాబు కోల్‌కతాలోనో లండన్‌లోనో పుస్తకాలు తిరగేస్తే దొరకదు. గోలేటి, కుందారం చుట్టుపక్కల ఎర్రనేలలో ఇంకొక మంచి పుర్రె దొరికితేనే దొరుకుతుంది. ఆ పుర్రె దొరికేలోగా ఆ నేలే లేకుండా పోతే ఏం చేస్తాం అన్నదే మా భయం.

బెతూలీలో ఆ పొలం మీద ఎముక కనబడినప్పుడు అది ఎవరిదో, ఎవరికి చెప్పాలో అక్కడివాళ్లకు తెలుసు. ఎందుకంటే 1999లో వాళ్లు చేసుకున్న జాతీయ వారసత్వ చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, అనుమతి లేకుండా ఎవరూ తవ్వకూడదు, అమ్మకూడదు. గనులు, రోడ్ల వంటి పెద్ద పనులకు ముందు ఆ నేలలో శిలాజాలు ఉన్నాయేమో నిపుణులతో చూపించడం అక్కడ అలవాటైన పద్ధతి. మన దగ్గర మనిషి చేతి పనికీ, కట్టడాలకూ చట్టాలున్నాయి. కోట్ల ఏళ్ల ఎముకకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. మాలాంటివాళ్లం ఎంతో సంబరపడ్డాం. ముసాయిదాలు రాయిని కాపాడవు కదా.

ఇలా వదిలేయడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఎముక కనబడినవాడు నోరు విప్పడం లేదు. వానల తర్వాత వాగు గట్టు విరిగినప్పుడు, చెలకలో నాగలికి తగిలినప్పుడు, పశువులు కాసేవాళ్లకు, రైతులకు వింత రాళ్లు కనబడుతూనే ఉంటాయి. అది ఎముక అని గుర్తుపట్టగలిగిన మనిషి కూడా చెప్పడు. చెబితే పొలం సర్కారు పట్టుకుపోతుందేమో అని భయం. ఆ భయాన్ని తప్పు పట్టలేను. ఈ జిల్లాల్లో గనికీ, ప్రాజెక్టుకూ భూమి పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ అనుభవం ఉన్నవాడు రాయిని వాగులోకి విసిరేసి తన పని తాను చూసుకుంటాడు. ఎండోథియోడాన్ దవడో, గోర్గనోప్సియన్ కోరో అలా ఎన్నిసార్లు నీళ్లపాలయిందో ఎవరూ లెక్కగట్టలేరు. రైతుకు భరోసా ఇవ్వని శిలాజ రక్షణ కాగితం మీదే ఉండిపోతుంది. ఇది ఈ ఉత్తరంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట అని నా అభిప్రాయం. చట్టం ముళ్లకంచెతో మొదలైతే ఊరు ఊరంతా ఆ ఎముకలకు శత్రువవుతుంది.

2. తవ్వే యంత్రానికి తేడా తెలియదు. మొరం కోసం, ఎర్రమట్టి కోసం, రోడ్డు కోసం, చెరువు పూడిక కోసం జేసీబీలు, పొక్లెయిన్లు ఎక్కడబడితే అక్కడ దిగుతున్నాయి. వాటి డ్రైవరుకు కుందారం పొరంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. చెబితే చాలామంది ఆగి చూస్తారు, ఆ నమ్మకం నాకుంది. సింగరేణి కార్మికుల్లో బొగ్గు పెళ్లలో ఆకు ముద్ర కనబడితే దాచి ఇంటికి తెచ్చి పిల్లలకు చూపించినవాళ్లున్నారు. గ్లోసోప్టెరిస్ అనే ఆ పాతకాలపు చెట్టు ఆకు ముద్రలు మా బడిలోనూ ఉండేవి. ఇష్టం జనంలో ఉంది. దారి చూపే వ్యవస్థే లేదు.

గనులు మూయమని మేము అడగడం లేదు. ఈ జిల్లాల అన్నం బొగ్గులోంచి వచ్చింది, ఆ సంగతి మరిచి ఎవరమూ మాట్లాడం. ఎక్కడ తవ్వబోతున్నారో, ఆ నేల ఏ పొరదో ముందు చూసుకోమంటున్నాం.

3. ఊరి పేరు ఊరికి తెలియదు. ప్రాణహిత, గోదావరి లోయలో కుందారం ఒక్కటే కాదు. యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, ఇవన్నీ ప్రపంచమంతటా చదివే భూగర్భ పొరల పేర్లు, అన్నీ ఈ లోయ ఊళ్ల పేర్లే. యెర్రపల్లి పొరల్లో ఆకులలములు మేసే వాడియాసారస్ మందల ఎముకలు దొరికాయి. మలేరి పొరల్లో దొరికిన ఒక సైనోడాంట్‌కు, అది క్షీరదాల వంశానికి ఇంకా దగ్గరి చుట్టం, ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గౌరవార్థం పెట్టిన పేరు అది. కోట పొరల్లో బారాపాసారస్, కోటాసారస్ అనే మహాకాయ డైనోసార్లే కాదు, గింజంత పళ్లున్న తొలి క్షీరదాలు కూడా దొరికాయి. అంటే కోరలున్న వేటజంతువు నుంచి ఎలుకంత క్షీరదం దాకా, ఆ వంశవృక్షపు కొమ్మలు వరుసగా పరిచి ఉన్న చోటు ఇది. పక్కపక్క మండలాల్లో ఇంత పొడవైన కాలం ఇంత వరుసగా దొరికే చోట్లు ప్రపంచంలో ఎక్కువ లేవు. అయినా ఇక్కడి పిల్లవాడిని అడిగితే అమెరికా టైరనోసారస్ పేరు చెబుతాడు. తన ఊరు పేరున్న పొర గురించి వాడికి ఎవరూ చెప్పలేదు. అది వాడి తప్పు కాదు.

4. చూడాలన్నా చూసే చోటు లేదు. బారాపాసారస్ కోల్‌కతాలో ఉంది. కోటాసారస్ హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది, దానికి ఆ సంస్థకూ జియలాజికల్ సర్వేకూ కృతజ్ఞతలు. కుందారం జంతువుల ఎముకలు కోల్‌కతాలో ఉన్నాయి. వాటిని అక్కడివారు ప్రాణంగా చూసుకున్నారు కాబట్టే ఇప్పుడు మనం ఈ మాటలు మాట్లాడుకోగలుగుతున్నాం. 1957లో బ్రిటిష్ శిలాజశాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ వచ్చి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ భూగర్భ విభాగానికి పునాది వేసినప్పుడు ఇక్కడ వాటిని దాచే గది కూడా లేదు. ఇప్పుడు ఉండొచ్చు కదా. అసలు ఎముకలు వెనక్కి ఇమ్మని మేము అడగం, పరిశోధన ఎక్కడ జరుగుతుందో అవి అక్కడే ఉండాలి. అచ్చు నమూనాలు తయారు చేయించి మంచిర్యాలలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఇక్కడి అమ్మాయి ఎవరైనా శిలాజశాస్త్రం చదవాలనుకుంటే తన ఊరి జంతువును మొదటిసారి చూడటానికి కోల్‌కతా రైలు ఎక్కాల్సిన పరిస్థితి ఉండకూడదు.

5. పక్కవాళ్లు బాగుపడుతుంటే మనం చూస్తున్నాం. ప్రాణహిత అవతలి ఒడ్డున, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా వడధంలో శిలాజ పార్కు ఉంది. అక్కడ మాట్లాడేది కూడా ఎక్కువగా తెలుగే. ఒకే లోయ, ఒకే పొరలు, మధ్యలో ఒక నది. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రైయోలిలో డైనోసార్ మ్యూజియం 2019లో తెరిచారు. తమిళనాట తిరువక్కరైలో రాయైన చెట్ల మానులకు జాతీయ పార్కే ఉంది. తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, కొండకు వెళ్లినవాళ్లందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. శిలాతోరణంలాంటి అందం మా ఎర్ర బురదరాయికి లేదు, ఒప్పుకుంటాను. పక్కన నిలబడి ఇక్కడ ఏముండేదో చెప్పే మనిషి కావాలి. ఆ చెప్పే పని మా ఊళ్ల చదువుకున్న పిల్లలకు జీతం అవుతుంది. ఇక్కడ గని రిటైర్మెంటు తర్వాత తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందనే ఆశ మీద ఎన్ని ఇళ్లు కూర్చున్నాయో మీకు తెలుసు. బొగ్గు ఎల్లకాలం ఉండదు. ఇంకో ఆదరవు ఏదో ఒకటి ఇప్పుడే మొదలవ్వాలి.

6. ఎండ గురించి కూడా చెప్పాలి. గోర్గనోప్సియన్‌లు ఎందుకు పోయాయన్నది మాకు సంబంధంలేని కథ కాదు. దాదాపు 25 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట సైబీరియాలో అగ్నిపర్వతాలు లక్షల ఏళ్లపాటు లావా కక్కాయి. ఆ లావా అక్కడి బొగ్గు పొరలను కూడా తగలబెట్టిందని పరిశోధకులు ఆధారాలు చూపించారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగింది, భూమి వేడెక్కింది, సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గింది. సముద్రపు జాతుల్లో నూటికి ఎనభైకి పైగా నశించాయి. నేల మీద గోర్గనోప్సియన్‌ల వంశం మొత్తం ఆగిపోయింది. దక్షిణాఫ్రికా పొరలను చదివినవాళ్లు ఇంకో సంగతి కనుక్కున్నారు. ఆ వినాశనం చుట్టూ ఇరవై లక్షల ఏళ్లలోపే అక్కడ అగ్రస్థానంలో ఉన్న వేటజంతువు నాలుగుసార్లు మారిపోయింది. స్థానికంగా ఉన్న పెద్ద గోర్గనోప్సియన్‌లు పోయాయి, వాటి చోటులోకి ఇనోస్ట్రాన్సేవియా వచ్చింది, అదీ నిలవలేదు. ఆహారపు గొలుసులో పైన కూర్చున్న జంతువులే ముందుగా, మళ్లీ మళ్లీ పడిపోయాయి.

రామగుండం, మంచిర్యాల ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ దాటితే బయటి పని చేసేవాళ్లు పొద్దున్నే ముగించుకుని నీడకు చేరాల్సిందే. భూమి వేడెక్కితే ఏమవుతుందో చెప్పే పొరలు మా కాళ్ల కిందే ఉన్నాయి. వాటి కింది బొగ్గు కూడా మాదే. ఈ రెండూ ఒకేచోట ఉన్న ప్రాంతంలో పిల్లలకు ఆ పాఠం చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతారు? దక్షిణాఫ్రికాలో చూసింది ఒక్క ప్రాంతపు లెక్క. మన పొరలూ చదివితేనే ఆ మార్పు ఎంత దూరం వ్యాపించిందో తెలుస్తుంది. ఆ పని ఆగిపోయిందంటే ప్రపంచానికి కూడా నష్టమే.

ఇక మేము కోరుతున్నవి. కష్టమైనవేమీ కావు.

మొదటిది, కుందారం, యెర్రపల్లి, మలేరి, కోట పొరలు పైకి తేలిన చోట్లను జియలాజికల్ సర్వే, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నిపుణుల సాయంతో గ్రామాల వారీగా పటం గీయించి, ఆ పటం ప్రతి తహసీల్దారు ఆఫీసులో, గనుల శాఖ ఆఫీసులో ఉంచండి. మొరం లీజు రాసే గుమాస్తా ముందు ఆ పటం చూడాలి. ఇది ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని.

రెండవది, శిలాజం దొరికిందని చెప్పిన రైతు భూమి తీసుకోరని, పంట నష్టం జరిగితే పరిహారం ఇస్తారని, చెప్పినవారి పేరు ఆ నమూనా వివరాల్లో రాస్తారని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. తెలుగులో, పంచాయతీ గోడ మీద అతికించేలా.

మూడవది, రాష్ట్రం 2017లో చేసుకున్న వారసత్వ చట్టం శిలాజ స్థలాలకు ఎంతవరకు వర్తిస్తుందో న్యాయశాఖతో తేల్చి చెప్పండి. వర్తిస్తే గోలేటి, కుందారం దగ్గర ఎంపిక చేసిన కొన్ని చోట్లను వెంటనే నోటిఫై చేయండి. వర్తించకపోతే సవరణ తీసుకురండి. కేంద్రం ముసాయిదా చట్టంగా రావాలని రాష్ట్రం తరఫున గట్టిగా రాయండి. గుర్తింపు ఒక్కటే చాలదని కూడా గుర్తుంచుకోండి. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలకు గుర్తింపు వచ్చిన తర్వాత కూడా చుట్టూ తవ్వకాల మీద జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

నాలుగవది, ఈ పొరలున్న చోట కొత్త గని గానీ, క్వారీ గానీ, పెద్ద రోడ్డు గానీ మొదలుపెట్టే ముందు శిలాజ నిపుణుడితో పరిశీలన చేయించడం తప్పనిసరి చేయండి. పని నడుస్తున్నప్పుడు ఎముక కనబడితే ఆ మేరకు ఆపి, తీసుకున్నాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. పనులు ఆపేయమని కాదు, ఎముకను దాటి పోవద్దని అడుగుతున్నాం. సింగరేణి యాజమాన్యం తనంతట తానుగా కూడా ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. మొదలుపెడితే దేశంలో ఇంకే బొగ్గు సంస్థకూ లేని పేరు దానికి వస్తుందని నేను నమ్ముతున్నాను.

ఐదవది, ఎండోథియోడాన్, వాడియాసారస్, కోటాసారస్ అచ్చు నమూనాలతో, గోర్గనోప్సియన్ ఎలా ఉండేదో చూపే బొమ్మతో మంచిర్యాలలో ఒక చిన్న ప్రదర్శనశాల. భవనం కొత్తది అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ప్రభుత్వ గదులు మేమే చూపిస్తాం. గోర్గనోప్సియన్ బొమ్మ కింద "ప్రజాతి ఇంకా తెలియదు, వెతుకుతున్నాం" అని రాయండి. ఆ ఒక్క మాట చదివిన పిల్లల్లో ఎవరో ఒకరు వెతకడానికి బయల్దేరతారు.

ఆరవది, పాఠ్యపుస్తకాల్లో ప్రాణహిత, గోదావరి లోయకు కనీసం ఒక పేజీ. రాయాలంటే ఈ ప్రాంతపు ఉపాధ్యాయులం ముందుకొస్తాం, డబ్బులు అడగం.

శాస్త్రవేత్తలకూ ఒక విన్నపం ఉంది. మీరు మా నేల మీద పని చేసినంత కాలం ఊరివాళ్లు మీకు నీళ్లిచ్చారు, దారి చూపించారు, బరువులు మోశారు. మీరు తీసుకువెళ్లినవాటి వివరం తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేసి ఈ మండలాల బడులకు పంపండి. గోర్గనోప్సియన్ ముక్క ఎక్కడ దొరికిందో, ఇంకా ఏ భాగం దొరికితే దానికి పేరు పెట్టవచ్చో బొమ్మ గీసి చూపించండి. కోర ఎలా ఉంటుందో, అంగిలి ఎముక ఎలా ఉంటుందో తెలిస్తే పశువులు కాసే పిల్లవాడు కూడా గుర్తుపడతాడు. బెతూలీ ఎముకలను ముందుగా గుర్తించింది కూడా ఏళ్ల తరబడి ఆ నేల మీద తిరిగి కంటికి అలవాటు చేసుకున్న మనుషులే.

ఈ కోరికల్లో ఏది ఎవరి పరిధిలోకి వస్తుందో మాకు తెలియదు, తెలుసుకోవడానికే ఆఫీసుల చుట్టూ తిరిగాం. అందువల్ల అన్నింటికంటే ముందు ఒక పని చేయండి. ఈ విషయానికి బాధ్యుడైన అధికారి ఎవరో, హోదాతో సహా, రెండు జిల్లాల కలెక్టరేట్లలో నోటీసు బోర్డు మీద పెట్టండి. వచ్చే వానాకాలం వాగులు దిగేలోపు ఆ పేరు మాకు తెలియాలి. వాగు గట్టు విరిగి ఎముక బయటపడ్డ రోజు ఫోను చేయడానికి మాకు ఒక నంబరు కావాలి.

ఇట్లు,
మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల ఉపాధ్యాయులు, రైతుల తరఫున
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు